తల్లిని చూడని కళ్ళు

మా వీధిలో ఇంగ్లీషు బడికి పోయే పిల్లలందరూ 'కాన్వెంటు'కి పోతున్నట్టే లెక్క. కాన్వెంటంటే కన్యస్త్రీలు ఉండే మఠమని నాకు యూనివర్సిటీకి వచ్చేదాకా తెలీదు. తెలిశాక నవ్వొచ్చింది. మగపిల్లలు మాత్రమే చదివే బడిని, ఫాదర్లు నడిపే బడిని కూడా మనవాళ్ళు ఆడవాళ్ళ మఠం పేరుతోనే పిలుస్తూ వచ్చారు. ఆ గేటు లోపలికి రానివ్వని స్త్రీని భాష మాత్రం గేటు మీదే నిలబెట్టింది.

మా నాన్న పోర్టులో టాలీ క్లర్కు. అన్నయ్యని మగపిల్లల కాన్వెంటులో వేశారు. నన్ను మునిసిపాలిటీ తెలుగు బడిలో వేశారు. దాని గురించి మా ఇంట్లో ఎవరూ చర్చించలేదు, నేను కూడా. శుక్రవారం రాత్రి అమ్మ అన్నయ్య తెల్ల యూనిఫారానికి నీలిమందు పెట్టేది. కాన్వాసు బూట్లు ఉతికి, ఆరాక సుద్దముక్క రుద్దేది. శనివారం పొద్దున వాడు బూడిదలోంచి లేచిన ముత్యంలా వీధిలోకి నడిచేవాడు. వాడి తెలుపు వెనక అమ్మ గోళ్ళలో నీలం మిగిలేది.

వాడు ఐదో తరగతిలో ఉండగా ఒక బహుమతి వచ్చింది. పేరెంట్స్ డేకి నాన్నకి డ్యూటీ. అమ్మ చీర తీసి పెట్టుకుంది. ముందురోజు రాత్రి వాడు అన్నం ముందు కూచుని, తల ఎత్తకుండా, "నువ్వు రావద్దమ్మా, అక్కడందరూ ఇంగ్లీషులో మాట్లాడతారు" అన్నాడు. అమ్మ కాసేపూరుకుని, "నానొచ్చి ఏటి సేస్తాన్లేరా, నువ్వే తెచ్చి సూపించు" అంది. చీర మళ్ళీ పెట్టెలోకి పోయింది. వాడికి బహుమతి వచ్చిన సబ్జెక్టు మోరల్ సైన్సు.

ఆ బహుమతి పుస్తకం పునీతుల జీవితాల గురించి బొమ్మలతో ఉన్న చిన్న ఇంగ్లీషు పుస్తకం. చాలా ఏళ్ళ తర్వాత, ఎం.ఏ. చదివే రోజుల్లో, దాన్ని నేను చదివాను. చేతిలో శిలువ, పక్కన లిల్లీ పువ్వు, బల్ల మీద పుర్రె. కళ్ళు కిందికి దించుకున్న ఒక లేత కుర్రాడి బొమ్మ. అతను అలోషియస్ గొంజాగా. బడిపిల్లలకి పాలకపునీతుడు. ఆ కుర్రాడు ఆడవాళ్ళ ముఖం వైపు కన్నెత్తి చూసేవాడు కాదనీ, కన్నతల్లితో సైతం ఒంటరిగా గదిలో ఉండడానికి ఇష్టపడేవాడు కాదనీ అందులో మెచ్చుకోలుగా రాసి ఉంది. నాకు ఆ బొమ్మలో అన్నం ముందు తల దించుకున్న మా అన్నయ్య కనిపించాడు.

ఈ వ్యాసం ఆ దించుకున్న కళ్ళ గురించి. ఏ బడి లోపల ఏం జరుగుతోందో చెప్పడం నా ఉద్దేశం కాదు. మగపిల్లల క్యాథలిక్ బడి అనే సంస్థ తన చుట్టూ కొన్ని పాఠాల్ని పేర్చుకుంది: పునీతుల చరిత్రలు, స్థాపకుల గ్రంథాలు, ఒక చట్టం. సాహిత్యం ఆ బడిని బయటినుంచి చూసిన సందర్భాలూ ఉన్నాయి. వీటన్నిట్లో తల్లి ఎక్కడుందో వెతకడమే నా పని.

విశాఖపట్నం వరకూ ఈ కథ ఫ్రాన్సులోని ఆనెసీ అనే ఊరితో మొదలవుతుంది. 1838లో పియర్ మెర్మియె అనే గురువు అక్కడ పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరిట ఒక మిషనరీ సభని స్థాపించాడు. ఆ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. పాతనగరంలోని సెయింట్ అలోషియస్ ఆంగ్లో ఇండియన్ హైస్కూలు తన పుట్టుక 1847 అని చెప్పుకుంటుంది. అంటే ఓడరేవు కంటే ఎనభై ఏళ్ళకు పైగా పెద్దది. 1849లో అదే ఆనెసీ నుంచి సెయింట్ జోసెఫ్ సభ సిస్టర్లు యానాంలో దిగారు. ఈ నగరంలో సెయింట్ జోసెఫ్ మహిళా కళాశాల వాళ్ళ వారసత్వమే. ఒకే ఊరినుంచి, మూడేళ్ళ తేడాతో, ఫాదర్లూ సిస్టర్లూ ఒకే సముద్రం దాటి వచ్చారు. కానీ 'నగరానికి చదువు తెచ్చినవాళ్ళు' అనగానే మనకి తెల్ల అంగీ వేసుకున్న గడ్డపు ఫాదరే గుర్తొస్తాడు. సిస్టర్ల పేర్లు గుర్తుండవు. మఠం పేరొక్కటి మాత్రం 'కాన్వెంటు' అని మన నోళ్ళలో మిగిలింది.

అలోషియస్ 1568లో ఇటలీలోని కస్తిల్యోనెలో ఒక ప్రభువుకి పెద్దకొడుకుగా పుట్టాడు. తండ్రి అతన్ని సైనికుడిగా చూడాలనుకున్నాడు. అతను వారసత్వాన్ని తమ్ముడికి వదిలేసి 1585లో జెస్యూట్ సభలో చేరాడు. 1591లో రోము నగరంలో అంటువ్యాధి ప్రబలినప్పుడు రోగులకి సేవ చేస్తూ, ఇరవై మూడేళ్ళ వయసులో చనిపోయాడు. 1726లో సభ అతన్ని పునీతుడని ప్రకటించింది. తోటి జెస్యూట్ వర్జీలియో చెపారి రాసిన జీవితచరిత్ర నుంచి తర్వాతివాళ్ళంతా అతని కథని తీసుకున్నారు. ఆడవాళ్ళని చూడని కళ్ళ కథ అలా తరతరాల బడిపిల్లలకి చేరింది.

ఈ కథని చూసి మొదట ఇబ్బందిపడినవాళ్ళు స్త్రీవాదులు కారు. 1902లో వచ్చిన 'ది వెరైటీస్ ఆఫ్ రెలిజియస్ ఎక్స్‌పీరియన్స్'లో విలియం జేమ్స్ ఇదే అలోషియస్‌ని ఉదాహరణగా తీసుకుని, ప్రపంచాన్ని ఇలా కుదించుకుని సాధించిన పవిత్రతలో బుద్ధి ఎంత ఇరుకైపోతుందో చెప్పాడు. కానీ జేమ్స్ ఆందోళనంతా ఆ కుర్రాడి గురించే. ఆ గదిలో రెండో మనిషి కూడా ఉంది. పేరు మార్తా తానా. కొడుకు తన ముఖం చూడకుండా ఉంటే ఆమెకి ఎలా ఉండేదని ఆయన అడగలేదు.

"చూడకపోవడం గౌరవం కాదా?" అని ఎవరైనా అడగొచ్చు. మగచూపుల్లో నలిగిన మనం, ముఖ్యంగా తెలుగు స్త్రీవాద కవిత్వం ఆ చూపుల మీదే ఎంత పోరాడిందో తెలిసిన మనం, కన్నెత్తి చూడని మగవాణ్ణి తప్పుపట్టడం వింతగా ఉండొచ్చు. కానీ తినేసేలా చూడడానికీ, అసలు చూడకపోవడానికీ పునాది ఒకటే. రెండిట్లోనూ స్త్రీ అంటే శరీరమే. ఒకడికది వస్తువు, ఇంకొకడికి ప్రమాదం. ముఖమున్న, మాటలున్న, అలసట ఉన్న మనిషి ఇద్దరికీ కనిపించదు. తల్లిని కూడా ప్రమాదాల జాబితాలో వేసిన పవిత్రత స్త్రీకి గౌరవం ఇచ్చినట్టు కాదు. ఆమెని లెక్కలోంచి తీసేసినట్టు.

ఇది పరాయి మతపు వింత అని హిందూ పాఠకురాలు తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడానికి లేదు. సీత నగల మూట చూపిస్తే లక్ష్మణుడు కాలి అందెలు తప్ప వేరే ఏవీ గుర్తుపట్టలేకపోయిన కథ మన ఇళ్ళలో ఎంత ముచ్చటగా చెప్పుకుంటారు! అన్నేళ్ళు అడవిలో ఒకే వంట తిన్న మనిషి ఆమె ముఖం ఎరగకపోవడం మనకి మర్యాద. ఆడదంటే ఏమిటో తెలియకుండా పెరిగిన ఋష్యశృంగుడు మనకి తపస్సు. మా నాన్న లాంటి వేలాదిమంది తండ్రులు కొడుకుల్ని క్యాథలిక్ బడిలో వేస్తూ ఏమాత్రం తడబడకపోవడానికి ఇదొక కారణం. మతం వేరైనా మగపిల్లాణ్ణి తయారుచేసే పద్ధతి తెలిసిందే. దానికి ఇంగ్లీషు తోడైంది. మా నాన్న దాన్ని 'డిసిప్లిన్' అనేవాడు.

ఆ డిసిప్లిన్‌ని లోపలినుంచి రాసిన నవల జేమ్స్ జాయిస్ 'ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మాన్' (1916). జాయిస్ ఐర్లండులో జెస్యూట్ల మగపిల్లల బడుల్లో చదివాడు. దృఢీకరణ సమయంలో ఎంచుకున్న పేరు అలోషియస్. నవల మొదట్లో, హాస్టల్లో కొత్తగా చేరిన చిన్నపిల్లాడు స్టీఫెన్‌ని పెద్ద కుర్రాడొకడు అడుగుతాడు: పడుకోబోయే ముందు మీ అమ్మకి ముద్దు పెడతావా? పెడతానంటే అందరూ నవ్వుతారు. పెట్టనంటే ఇంకా నవ్వుతారు. సరైన జవాబేమిటో ఆ పిల్లాడికి ఎప్పటికీ తెలీదు. నా దృష్టిలో మగపిల్లల బడి గురించి సాహిత్యం ఇంత క్లుప్తంగా, ఇంత క్రూరంగా ఇంకెక్కడా చెప్పలేదు. అమ్మని ప్రేమించడమూ తప్పే, ప్రేమించకపోవడమూ తప్పే. తప్పించుకునే దారి ఒకటే, అమ్మ ఊసే ఎత్తకపోవడం.

నవల చివర్లో అదే స్టీఫెన్ పెద్దవాడై, తల్లి కోరిన చిన్న మతవిధి చేయనని మొండికేస్తాడు. స్నేహితుడు క్రాన్లీ తల్లి ప్రేమ గురించి మాట్లాడితే, తల్లి స్పర్శని దూరంపెట్టిన గొప్పవాళ్ళ పేర్లు చెబుతాడు. అందులో అలోషియస్ గొంజాగా ఉన్నాడు. ఇక్కడొక విషయం గమనించాలి. స్టీఫెన్ మతాన్ని ధిక్కరిస్తున్నాడు, కానీ ఆ ధిక్కారానికి ఆయుధం అదే మతం నేర్పిన మగతనం. దేవుడు పోయాడు, దించుకున్న కళ్ళు మిగిలాయి. మన అభ్యుదయ రచయితల్లో, విప్లవ కవుల్లో ఎంతమంది ఇలా సర్వం తిరస్కరించి, తల్లీ భార్యా పడే చాకిరీని చూడని చూపుని మాత్రం భద్రంగా ఉంచుకున్నారో మనకి తెలియంది కాదు.

జాయిస్ కన్నా ముందే మన గురజాడ ఈ విషయం పట్టుకున్నాడు. 1892లో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో తిరగరాసిన 'కన్యాశుల్కం'లో వెంకమ్మ ఉంది. కొడుకు వెంకటేశం సెలవులకి గిరీశంతో కలిసి ఇంటికొస్తాడు. ఆ ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే వినాలని ఆమె సరదాపడుతుంది. వాళ్ళు నోటికొచ్చిన ముక్కలేవో అప్పజెబుతారు. ఆమె మురిసిపోతుంది. థియేటర్లో జనం నవ్వుతారు. క్లాసులో ఈ సీను చెప్పినప్పుడల్లా నేనూ నవ్వించేదాన్ని. ఒక ఏడాది మధ్యలో ఆగిపోయాను. ఎవర్ని చూసి నవ్వుతున్నాం? తనకి అర్థంకాని భాషని తన కొడుకు నోట వినాలని ఆశపడ్డ తల్లినా? అదే ఇంట్లో ఒక కూతురు బాలవితంతువు, ఇంకో కూతురు అమ్మకానికి సిద్ధంగా ఉంది. చదువంతా కొడుక్కి చేరింది. తల్లికి చేరింది దాని చప్పుడే. వెంకమ్మ కనీసం గదిలో ఉంది, విన్నది. మా అమ్మకి ఆ చప్పుడు వినే అవకాశమూ రాలేదు.

ఇప్పుడు చట్టం. 'ఆంగ్లో ఇండియన్' అనే మాట విశాఖలో వాల్తేరు రైల్వే క్వార్టర్లనీ, క్రిస్మస్ కేకుల్నీ గుర్తు చేస్తుంది. రాజ్యాంగం 366వ అధికరణం రెండో క్లాజు ఆ మాటకి నిర్వచనం ఇచ్చింది: తండ్రిగానీ, తండ్రి వైపు మగ పూర్వీకుల్లో ఎవరైనా గానీ ఐరోపా సంతతి అయి, భారతదేశంలోనే స్థిరపడ్డ తల్లిదండ్రులకి ఇక్కడే పుట్టి, ఇక్కడే నివాసమున్న మనిషి. మూలం 1935 చట్టం. ఆ సమాజం పుట్టుకలో ఎక్కువభాగం భారతీయ స్త్రీల గర్భాల్లోనే జరిగింది. నిర్వచనం మాత్రం ఆ స్త్రీల ఊసెత్తకుండా మగవాళ్ళ వరసలోనే నడిచింది. 337వ అధికరణం ఆ సమాజపు బడులకి రాజ్యాంగం అమల్లోకి వచ్చాక పదేళ్ళపాటు తగ్గుతూపోయే గ్రాంటులిచ్చింది. గ్రాంటు కావాలంటే ఏటా కనీసం నలభై శాతం సీట్లు ఇతర సమాజాలవారికి అందుబాటులో ఉంచాలని షరతు పెట్టింది. ఆ తలుపులోంచే తెలుగు మధ్యతరగతి మగపిల్లలు లోపలికి నడిచారు. 104వ సవరణ తర్వాత 2020 జనవరి నుంచి లోక్‌సభలో ఆంగ్లో ఇండియన్ల నామినేటెడ్ సీట్లు లేవు. నిర్వచనం మాత్రం అలాగే ఉంది. పునీతుడు తల్లిని చూడలేదు, చట్టం కూడా చూడలేదు.

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం ఒక నేరారోపణ పత్రమయ్యేది. ఆపలేకపోవడానికి కారణం ఆ బడి స్థాపకులు తమ సభకి పెట్టుకున్న పేరే.

ఫ్రాన్సిస్ డి సేల్స్ (1567-1622) జెనీవా బిషప్. ఉండేది ఆనెసీలో. 1609లో వచ్చిన 'భక్తిజీవన ప్రవేశం' అనే ఆయన గ్రంథం, మేడమ్ ద షర్మాసీ అనే గృహిణికి రాసిన ఉత్తరాల్లోంచి పుట్టింది. అందులో ఆయన పాఠకురాలిని 'ఫిలోతెయా' అని పిలుస్తూ, సంసారం వదలకుండానే, వంటా పిల్లలూ బంధువుల మధ్యనే, ఆత్మజీవితం గడపొచ్చని చెబుతాడు. పుస్తకానికి గొప్ప ఆదరణ వచ్చింది. కానీ ఆడదాన్ని ఉద్దేశించి రాసింది మగాళ్ళు చదవడమేమిటని కొందరు దూరం జరిగారు. 1616లో రాసిన తర్వాతి పెద్ద గ్రంథం ముందుమాటలో ఆయన ఈ సంగతి చెప్పి, మగవాళ్ళనిపించుకోవాలనే తపనలో మగవాళ్ళు ఎంత చిన్నవాళ్ళవుతారోనని ఆశ్చర్యపడ్డాడు. అయినా సర్దుకుని, ఈసారి పాఠకుణ్ణి 'తెయోతిమ్' అనే పురుషనామంతో పిలిచాడు.

ఫిలోతెయా తెయోతిమ్‌గా మారిన ఈ చిన్న ఘటన నాకు మగపిల్లల బడి చరిత్ర మొత్తానికి అద్దంలా కనిపిస్తుంది. మూలంలో ఒక స్త్రీతో సంభాషణ ఉంది. మగవాళ్ళ చిన్నతనం కోసం దాని సంబోధన మారింది. పేరు మారినంత మాత్రాన స్త్రీ మాయమవలేదు. 1610లో ఆయన మఠం స్థాపించింది జాన్ ద షంతాల్ అనే వితంతువుతో కలిసి. ఆమె ఇల్లు విడిచి వెళ్ళేటప్పుడు, వెళ్ళొద్దంటూ కొడుకు గడపకి అడ్డంగా పడుకున్నాడనీ, ఆమె ఏడుస్తూనే వాణ్ణి దాటి వెళ్ళిందనీ చెబుతారు. కొడుకులు తల్లిని దాటి వెళ్ళే కథలు మనకి కోకొల్లలు. తల్లి కొడుకుని దాటిన కథ ఆనెసీ సంప్రదాయంలో నడిబొడ్డున ఉంది. బడిపిల్లల చేతికొచ్చే పునీతుల పుస్తకాల్లో మొదట ఈ కథే ఉండి ఉంటే?

అలోషియస్ కథలోనూ నాకు రెండో పేజీ కనిపించింది. కళ్ళు దించుకున్న ఆ కుర్రాడే చివరికి రోము వీధిలో రోగిని భుజాన వేసుకుని ఆసుపత్రికి మోశాడు. ఒళ్ళు తుడిచాడు, పక్క శుభ్రం చేశాడు. అంటే మన ఇళ్ళలో ఆడవాళ్ళ పని అని పేరుపెట్టి, విలువ లేదని చెప్పే పనే చేస్తూ చచ్చిపోయాడు. ఒకే జీవితంలో రెండు విలువలు: శరీరాలకి దూరంగా ఉండడం, శరీరాలకి సేవ చెయ్యడం. పూజకి మొదటిది అనువుగా ఉంది, బొమ్మగా గోడెక్కింది. లిల్లీ పువ్వు వేసిన చిత్రకారులు రోగి పక్కబట్టల జోలికి అంతగా పోలేదు. 1973లో జెస్యూట్ సభాధిపతి పెద్రో అర్రూపే వలెన్సియాలో పూర్వవిద్యార్థులతో 'ఇతరుల కోసం జీవించే పురుషులు' కావాలని చెప్పిన మాట ప్రపంచమంతటా వాళ్ళ బడుల నినాదమైంది. తర్వాత అందులో స్త్రీలనీ చేర్చారు. మంచిదే. కానీ మన ఇళ్ళలో స్త్రీలు ఎవరూ నినాదం ఇవ్వకుండానే ఇతరుల కోసం జీవిస్తున్నారు. మగపిల్లల బడి నేర్పవలసింది 'ఇతరుల కోసం' అనే ఆదర్శం ఒక్కటే కాదు, తన యూనిఫారం ఉతికిన ఆ 'ఇతరులు' ఎవరో.

నాలుగేళ్ళ కిందట అమ్మ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. నేను వేరే ఊళ్ళో ఉద్యోగంలో కొత్తగా చేరాను. అన్నయ్య స్టీల్ ప్లాంటులో సెలవు పెట్టి నెలన్నర దగ్గరుండి చూశాడు. బెడ్‌పాన్ పెట్టాడు, ఒళ్ళు తుడిచాడు. జడ వెయ్యడం మాత్రం రాలేదు. వార్డులో ఆయమ్మ చూపించిందట. ఫోనులో నాతో, "మూడు పాయలు తియ్యడం ఇంత కష్టమా? రోజూ నీకు వేసేది కదా, ఒక్కసారి కూడా చూళ్ళేదు" అన్నాడు. నేను ఆ పేరెంట్స్ డే గురించి అడిగాను. వాడికి గుర్తుంది. "ఎవరూ రావద్దని చెప్పమనలేదు. నాకే అలా అనిపించింది" అన్నాడు.

ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నదంతా ఆ మాటలో ఉంది. బడి ఆ మాట చెప్పలేదు. నాన్నా చెప్పలేదు. పునీతుడి బొమ్మ, లక్ష్మణుడి కథ, ఇంగ్లీషు, తెల్ల బూట్లు అన్నీ కలిసి పదేళ్ళ పిల్లాడికి 'అలా అనిపించేలా' చేశాయి. విలువలు పాఠాలుగా రావు, అనిపించడంగా వస్తాయి. అందుకే సిలబస్ మార్చినంత మాత్రాన, అమ్మాయిల్ని చేర్చుకున్నంత మాత్రాన సరిపోదు. కో-ఎడ్యుకేషన్ బడుల్లో చదివిన మగవాళ్ళు ఇళ్ళల్లో ఎలా ఉన్నారో మనం చూస్తూనే ఉన్నాం.

ఇంకో రకమైన అన్నదమ్ములూ మనకున్నారు. భండారు అచ్చమాంబకి బడి లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తను నేర్చుకున్నది ఆమెకి నేర్పాడు. ఆమె తెలుగులో తొలి కథకుల్లో ఒకరైంది, స్త్రీల చరిత్ర రాసింది. తమ్ముడి పుస్తకం అక్క వైపు తిరిగింది, అంతే తేడా. మా ఇంట్లో ఆ పుస్తకం నావైపు తిరగలేదు, నేనే దొంగతనంగా తీసి చదివాను. దాన్ని చదివే ఈ డాక్టరేటు దాకా వచ్చాను కనుక ఆ బడికి నేనూ కొంత బాకీనే. ఆ బాకీ ఎవరి ఖాతాలో రాయాలో మాత్రం తేల్చుకోవాలి. నెలనెలా ఫీజు కట్టింది నాన్న. పండగ చీర మానేసి ఆ ఫీజుకి కొంత కూడబెట్టింది అమ్మ. రసీదు మీద 'తండ్రి పేరు' అని ఒకే గడి ఉండేది.

స్త్రీవాద విమర్శ ఇన్నాళ్ళూ ఆడపిల్లల చదువు గురించి మాట్లాడింది. అది అవసరం, ఇంకా అవసరమే. కానీ మగపిల్లల చదువుని మనం మగవాళ్ళకే వదిలేశాం. వాళ్ళ జ్ఞాపకాల పుస్తకాలు, పూర్వవిద్యార్థుల సంచికలు, బడి రోజుల కథలు మన విమర్శకి బయటే ఉండిపోయాయి. వాటిని తీసి చదవాలి. ప్రతి పేజీలో ఒకటే అడగాలి: ఈ పిల్లాడి చొక్కా ఎవరు ఉతికారు? ఆమె పేరు ఇందులో ఉందా?

మా అమ్మ పేరు సత్యవతి. అన్నయ్య బహుమతి పుస్తకం మొదటి పేజీలో వాడి పేరు, తరగతి, సంవత్సరం ఉన్నాయి. కింద ఖాళీ ఉంది. మొన్న ఇంటికెళ్ళినప్పుడు నేనా ఖాళీలో ఏమీ రాయలేదు. పుస్తకం తెచ్చి అన్నయ్య ముందు పెట్టాను.